వంటింట్లో త్రాసు ఎక్కడ కావాలి: పావగడ నుంచి ఒక సమీక్ష

పావగడ తాలూకా కర్ణాటకలోది, తుమకూరు జిల్లాలోది. కానీ మడకశిర, రొద్దం, కళ్యాణదుర్గం వైపుల నుంచి ఆంధ్ర నేల దాన్ని దాదాపుగా చుట్టుకుని ఉంటుంది. కచేరీలో కన్నడం, ఇంట్లో తెలుగు. కొలతలు కూడా ఇక్కడ రెండు తీరులుగానే నడుస్తున్నాయి. అంగట్లో కందిపప్పు కిలోల్లో కొంటారు, నూనె లీటరు ప్యాకెట్లలో తెస్తారు, రేషన్ బియ్యం ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి పోయించుకుంటారు. గడప దాటి వంటింట్లోకి రాగానే అవన్నీ పావు, గ్లాసు, గరిటె, గుప్పెడు, చిటికెడు అయిపోతాయి. కొన్ని వందల రూపాయలకే చిన్న డిజిటల్ త్రాసు దొరుకుతున్న ఈ రోజుల్లో పొయ్యి పక్కన కూడా తూకం ఉండాలా అన్న ప్రశ్న వస్తోంది. ఉండాలనేవాళ్లు శాస్త్రం పేరు చెబుతారు. అక్కర్లేదనేవాళ్లు అవ్వల చేతివాటాన్ని చూపిస్తారు. రెండు మాటల్లోనూ నిజముంది, అయితే ఇద్దరూ ఒకే వంటను మనసులో పెట్టుకుని మాట్లాడటం లేదు. ఎవరు ఎవరి కోసం వండుతున్నారు, వంట మధ్యలో తప్పు దిద్దుకునే వీలుందా, వీల్లేకపోతే ఆ నష్టం ఎవరి కంచంలో పడుతుంది అని అడిగితే జవాబు తేలుతుంది. వండే చెయ్యి, తినే నోరు ఒకే ఇంటివైనప్పుడు త్రాసు ఉన్నా సరే, లేకున్నా సరే. వండేవారు ఒకరు, తినేవారు ఇంకొకరు, లెక్క రాసేవారు మరొకరు అయినచోట మాత్రం అది ఉండి తీరాలి. ఈ వ్యాసంలో నేను నిలబెట్టదలచుకున్న మాట ఇదే.

సేరుతో కొలవడాన్ని తెలియనితనంగా చూడటం తప్పు. కళ్లంలో రాశి పడ్డప్పుడు అంత గింజను తూచాలంటే పెద్ద తక్కెడ, రాళ్లు, నలుగురు మనుషులు కావాలి; కొలపాత్ర అయితే ఒక మనిషి చాలు. కూలికిచ్చే గింజలైనా, ఊరి వృత్తులవాళ్లకిచ్చే మేరైనా, మరుసటి ఏటికి దాచుకునే విత్తనమైనా ఒకే ఊళ్లో, ఒకే పాత్రతో, ఒకే పంటను కొలిచినంత కాలం ఆ లెక్కలో మోసం ఉండేది కాదు. పాత్ర మారినప్పుడే చిక్కు వచ్చింది. మైసూరు సీమలో కచ్చా సేరు వేరు, పక్కా సేరు వేరు. తూకపు సేరు ఒకటి, కొలత సేరు మరొకటి. బ్రిటిష్ ఇండియా ప్రామాణిక తూకంలో సేరంటే 80 తులాలు, అంటే దాదాపు 933 గ్రాములు. పొరుగూరి సేరు దీనితో కలవాలన్న నియమం లేదు. ఈ గందరగోళాన్ని తెంచడానికే 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు అంచెలంచెలుగా అమలయ్యాయి. నేడు వర్తకమంతా 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం కింద నడుస్తోంది. చట్టం అంగడిని మార్చింది. వంటింటి జోలికి పోలేదు, పోనక్కర్లేదు కూడా.

అయితే గింజ వచ్చే దారి మారింది. పావగడ మెట్టనేల వేరుశనగకు పేరు. వాన కరుణించిన ఏడు రాగులు కూడా ఇంటి పొలం నుంచే వచ్చేవి. ఇప్పుడు తిరుమణి, వళ్లూరు, బలసముద్రం పరిసరాల్లో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు పరుచుకుని ఉంది. రైతులు భూమి అమ్ముకోలేదు, ఎకరాకు ఏటా 21,000 రూపాయల నుంచి మొదలయ్యే కౌలుకు ఇచ్చారు. డబ్బు చేతికి వస్తుంది, కానీ ఆ చెలకలో పండే గింజ ఇక గాదెలోకి రాదు. బెంగళూరుకు వలస పోయిన కుటుంబాల సంగతీ అంతే. కొనుక్కుని తినే ఇంటికి ప్రతి వస్తువూ తూకంతో, ధరతో వస్తుంది. నెలకు ఎంత కొన్నాం, ఎంత వాడాం, ఎన్నాళ్లు వచ్చింది అని ఆ ఇల్లు తెలుసుకోవాలంటే కొన్న లెక్క, వండిన లెక్క ఒకే భాషలో ఉండాలి. త్రాసు పొయ్యి దగ్గరికి రావడానికి ఇదొక బలమైన కారణం. మామూలుగా ఎత్తిచూపే రుచి సంగతి దీని తర్వాతిదే.

పాత్ర కొలతలో తేడా ఎంత వస్తుందో చూద్దాం. లీటరు నీళ్లు పట్టే డబ్బాలో నీళ్లు పోస్తే కిలో తూగుతుంది. అదే డబ్బా నిండా బియ్యం పోస్తే 800 గ్రాముల చుట్టూ తూగుతుంది. జల్లించిన రాగిపిండి వదులుగా పోస్తే ఇంకా తగ్గుతుంది. అదే పిండిని మూటలోంచి గిన్నెతో అదిమి తీస్తే పెరుగుతుంది. బొరుగులైతే 100 గ్రాములు కూడా తూగవు. ఉప్పులో ఈ తేడా ఇంకా ప్రమాదకరం. సన్న ఉప్పు టీ చెంచాకు తలకొట్టి తీస్తే సుమారు 6 గ్రాములు వస్తుంది, కల్లుప్పు గడ్డల మధ్య ఖాళీ ఉంటుంది గనుక అంత రాదు. కల్లుప్పుతో అలవాటైన చెయ్యి అయోడిన్ ఉప్పు ప్యాకెట్ విప్పి అదే కొలత వేస్తే కూర ఉప్పుకసమవుతుంది. నూనెకు మరో చిక్కు ఉంది. లీటరు నూనె కిలో ఉండదు, 910 గ్రాముల చుట్టూ ఉంటుంది, పైగా వేడిని బట్టి ఆ సంఖ్య మారుతుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు తూగితే 60 డిగ్రీల దగ్గర 893 గ్రాములే తూగుతుంది. ఇది చాలా ముఖ్యమని తేలడం వల్లే 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ప్యాకెట్ల మీద ఉష్ణోగ్రత రాయకుండా నికర పరిమాణాన్ని, దానితోపాటు బరువును ముద్రించమని నూనె కంపెనీలకు చెప్పింది.

గిన్నెతో అసలు కొలవలేని సరుకులు కూడా ఉన్నాయి. ఓళిగలకు శనగబేడలు ఎంతో బెల్లం అంత అంటారు. బేడలు పావులో పోస్తే కుదురుగా కూర్చుంటాయి. అచ్చు బెల్లాన్ని పావులో ఎలా పోస్తారు? దంచి పోస్తే ఒక లెక్క, తురిమి పోస్తే ఒక లెక్క, గడ్డలుగా వేస్తే మూడో లెక్క. అదనంగా పడిన బెల్లం పూర్ణాన్ని జారుగా చేస్తుంది, ఆ జారు పూర్ణం పెనం మీద పిండిని చీల్చుకుని బయటికి కారుతుంది. బేడలు 500 గ్రాములు, బెల్లం 500 గ్రాములు అని తూచి పెట్టుకుంటే ఈ బాధ సగం తగ్గుతుంది. మిగతా సగం బెల్లంలోని తేమను బట్టి ఉంటుంది. చింతపండు మరీ విచిత్రం. పక్కనే ఉన్న హిందూపురం మార్కెట్లో అది క్వింటాళ్లలో వేలం పాడతారు, వంటల పుస్తకంలోకి వచ్చేసరికి నిమ్మకాయంత అయిపోతుంది. గజనిమ్మా, నాటు నిమ్మా? కొత్త చింతపండు మెత్తగా ముద్ద కడుతుంది, పాతది ఎండి పీచు కనిపిస్తుంది. ఒకే సైజు ఉండల్లో పులుపు ఒకటి కాదు. ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లకు నిమ్మకాయంత అంటే ఎంతో తెలుసు, ఎందుకంటే అమ్మ చేతిలో చూసింది. పుణేలోనో డాలస్‌లోనో ఫోనులో ఆ మాట విన్న పిల్లకు తెలియదు. అక్కడి కొలతలు కూడా అంతంతమాత్రమే: అమెరికా కప్పు దాదాపు 237 మిల్లీలీటర్లు, మెట్రిక్ కప్పు 250, రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180. కప్పు బియ్యానికి రెండు కప్పుల నీళ్లు అన్నప్పుడు బియ్యాన్ని ఒక కప్పుతో, నీళ్లను మరొక కప్పుతో కొలిస్తే అన్నం గతి చెప్పనక్కర్లేదు. కప్పు పద్ధతిని అంత గట్టిగా నిలబెట్టింది 1896లో ఫానీ ఫార్మర్ బోస్టన్‌లో అచ్చేసిన వంటల పుస్తకం. తలకొట్టిన కప్పు, తలకొట్టిన చెంచా అని ఆమె పట్టుబట్టింది. ఆ క్రమశిక్షణ లేని కాలంలో అది పెద్ద మేలే. బరువు చెప్పగలిగిన కాలంలో అదే పట్టుకుని కూర్చోవలసిన పని లేదు.

ఇంత చెప్పాక కూడా సంగటి దగ్గర త్రాసు పెట్టమని అనలేం. సంగటి కెలికే తీరు చూస్తే కారణం తెలుస్తుంది. ఎసట్లో నూకలు ఉడికి మెత్తబడ్డాక రాగిపిండి గుట్టగా పోసి, మధ్యలో కట్టెతో బొక్క పెట్టి, మూత వేసి పిండిని ఆవిరి మీద మగ్గనిస్తారు. తర్వాత గిన్నెను కాళ్లతో అదిమిపట్టి సంగటికట్టెతో తిప్పుతారు. కట్టె తిరగడానికి మొరాయిస్తే చెంబుతో కాసిన్ని వేడినీళ్లు, జారుగా ఉంటే ఇంకో పిడికెడు పిండి. తడి చేతికి అంటకుండా ముద్ద వచ్చిందంటే ఉడికినట్టు. ఇక్కడ కొలత గిన్నెలో లేదు, కట్టె మీద పడే బరువును చెయ్యి చదువుతోంది. తప్పు జరిగిన క్షణంలోనే తెలుస్తుంది, అప్పుడే దిద్దుబాటు అవుతుంది. పప్పు, చారు, వేరుశనగ చట్నీ అన్నీ ఈ జాతివే. రుచి చూస్తూ సరిచేసుకుంటూ పోవచ్చు. చేతివాటం గొప్పదనేవాళ్ల వాదనకు ఈ వంటలే ప్రాణం, ఆ వాదన ఇక్కడ పూర్తిగా నెగ్గుతుంది. ఏళ్ల తరబడి ఒకే గిన్నె, ఒకే పొయ్యి, ఒకే పంటతో సాధన చేసిన చెయ్యి త్రాసు చెప్పలేని సంగతులు కూడా చెబుతుంది. వచ్చిన చిక్కల్లా ఆ చెయ్యి ఇంకొకరికి ఇవ్వదగ్గది కాకపోవడమే.

దిద్దుకోలేని వంటలు వేరే ఉన్నాయి. జాడీలో పెట్టి మూత కట్టిన ఊరగాయలో ఉప్పు తక్కువైందని తెలిసేది బూజు పట్టాక. తీగపాకం దాటిపోయిన బెల్లాన్ని వెనక్కి తేలేం. పొయ్యి మీదికెక్కిన కేకులో సోడా ఎక్కువైందని తెలిసినా చేయగలిగేది ఏమీ లేదు. వీటన్నిటికంటే ముఖ్యమైనది విరేచనాలతో నీరసించిన బిడ్డకు ఇంట్లో కలిపే ఉప్పు చక్కెర నీళ్లు. లీటరు శుభ్రమైన నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి తీసినవి. ఉప్పు కుప్పగా తీస్తే ఆ నీళ్లే బిడ్డకు హాని చేస్తాయి. అక్కడ రుచి చూసి సరిచేయడం అన్న మాటే ఉండదు. దుకాణంలోనో ఆశా కార్యకర్త దగ్గరో దొరికే ఓఆర్ఎస్ పొట్లం నమ్మదగ్గది కావడానికి కారణం అది ముందే తూచి కట్టింది కావడం. దిద్దుబాటుకు చోటు లేనిచోట తూకం వంటకు ముందే జరగాలి.

పెద్ద వంటశాలలు ఈ సంగతిని ఎప్పుడో గుర్తించాయి. తిరుమల లడ్డూకు దిట్టం అనే సరుకుల పట్టిక ఉంది. 1950లో తొలిసారి ఖరారు చేశారు, 2001లో పెరిగిన అవసరానికి తగ్గట్టు మార్చారు. 5,100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, ఆవునెయ్యి 165, చక్కెర 400, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4; మొత్తం 803 కిలోలు. ఆలయ వంటశాల అయిన పోటులో పనిచేసేవాళ్ల చేతివాటానికి తక్కువేమీ లేదు, తరాల అనుభవం వాళ్లది. అయినా దిట్టం ఎందుకు? తినే భక్తుడు వండినవారిని ఎన్నడూ చూడడు, ఈరోజు లడ్డూ రేపటి లడ్డూతో కలవాలి, కొనుగోలు లెక్క గోదాము లెక్కతో సరిపోవాలి. 2009లో ఆ లడ్డూకు భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే దాని వెనుక ఈ స్థిరత్వం కూడా ఉంది. నెయ్యి కల్తీ జరిగితే దిట్టం దాన్ని పట్టలేదన్నది నిజమే. ఎంత పడిందో తూకం చెబుతుంది, ఏది పడిందో చెప్పదు. ఆ పని ప్రయోగశాలది.

ఇక్కడే త్రాసు వద్దనేవారి గట్టి అభ్యంతరం వస్తుంది. సరుకే నిలకడగా లేనప్పుడు తూచి ఏం లాభం అంటారు. గుంటూరు మిరపకాయలు 50 గ్రాములు, బ్యాడగి మిరపకాయలు 50 గ్రాములు ఒకే కారమా? పాత బియ్యం తాగే నీళ్లు కొత్త బియ్యం తాగుతుందా? గ్రాముల్లో రాసిన వంట చదువరికి లేనిపోని నిశ్చయాన్ని ఇవ్వదా? ఈ అభ్యంతరంలో సగం ఒప్పుకోవాల్సిందే. కారం, పులుపు తూకంతో తేలవు, నాలుకతో తేలాలి. కానీ ఒక వంట కుదరనప్పుడు కారణాలు నాలుగైదు ఉంటాయి: కొలత, సరుకు, నీళ్లు, మంట, సమయం. కొలత స్థిరంగా ఉంటే మిగతావాటిలో ఏది మారిందో వెతకడం తేలిక. కొలత కూడా రోజుకో తీరుగా ఉంటే ఏదీ పట్టుబడదు, తప్పంతా వండినామె మీదే పడుతుంది. మన ఇళ్లల్లో జరుగుతున్నది ఎక్కువగా అదే.

పావగడలో నీళ్ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఇక్కడి బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, చాలాచోట్ల కాఠిన్యమూ ఎక్కువ. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నీళ్లలో పప్పు గింజ గోడలు మెత్తబడవు, గంట ఉడికినా బేడ బేడగానే ఉంటుంది. ఫ్లోరైడ్ సంగతి అంతకంటే లోతైనది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణం. తాగడానికి శుద్ధి చేసిన నీటి క్యాను తెచ్చుకుని వంటకు మాత్రం బోరునీళ్లే వాడే ఇంటి లెక్క ఒకటి వేద్దాం. సంగటికి ఒకటిన్నర లీటరు నీళ్లు పడితే, ఆ నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే, ఆ పూట గిన్నెలోకి 4.5 మిల్లీగ్రాములు చేరింది. ఆవిరైపోయేది నీరే, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగులుతుంది. మనం తినే సంగటిలో పిండికంటే నీటి బరువే ఎక్కువ అన్న సంగతి త్రాసు మీద పెట్టి చూస్తే గానీ మనసుకెక్కదు. తుంగభద్ర జలాశయం నుంచి ఈ తాలూకాకు నీళ్లు తెచ్చే పథకం పూర్తిగా ప్రతి ఇంటికీ అందే వరకు వంటనీళ్లను కూడా తాగునీళ్లలాగే చూడాలి.

ఆరోగ్యం పేరుతో తూచడం గురించి రెండు మాటలు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అంటుంది. దీనికి కూరకూరకూ తూచనక్కర్లేదు: నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్ 50 రోజుల కంటే ముందే అయిపోతుంటే, ఊరగాయలూ బయటి తిండీ కలపకుండానే హద్దు దాటినట్టు. ప్యాకెట్ విప్పిన తేదీ దాని మీద రాసుకుంటే చాలు. మధుమేహం ఉన్నవారి సంగతి వేరు. 'ఒక ముద్ద తినండి' అని చెప్పినప్పుడు ఆ ముద్ద ఎంత? ఒక ఇంట్లో నిమ్మకాయకు నాలుగింతలు, ఇంకో ఇంట్లో కొబ్బరికాయంత. ఇన్సులిన్ మోతాదును పిండిపదార్థాన్ని బట్టి వేసుకోవాల్సిన పిల్లలున్న ఇంట్లో పిండిని పచ్చిగా ఉన్నప్పుడే తూచడం తప్పదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార విలువల పట్టికలో రాగుల్లో కాల్షియం 100 గ్రాములకు 364 మిల్లీగ్రాములని ఉంది. అది ఎండు గింజ లెక్క, ఉడికిన ముద్ద లెక్క కాదు. ఉడికాక తూచినవారు నీళ్లను తూచుకున్నట్టే.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. తాలూకాలో త్రాసు అన్నిటికంటే ఎక్కువ అవసరమైన వంటిళ్లు బడుల్లోనివి, అంగన్‌వాడీల్లోనివి. కర్ణాటకలో మధ్యాహ్న భోజనాన్ని అక్షర దాసోహ అంటారు. కేంద్ర నిబంధన ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల బిడ్డకు రోజుకు 100 గ్రాముల ధాన్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది వారికి 150, 30, 75, 7.5. 2013లో మొదలైన క్షీరభాగ్యలో 150 మిల్లీలీటర్ల పాలకు 18 గ్రాముల పాలపొడి. అన్నీ గ్రాములే, అన్నీ పచ్చి సరుకు బరువులే. చిన్న తరగతుల్లో 60 మంది ఉన్న బడిని తీసుకోండి: 6 కిలోల బియ్యం, కిలో 200 గ్రాముల పప్పు, 3 కిలోల కూరగాయలు, 300 గ్రాముల నూనె పడాలి. అక్కడ వండే అక్క లీటరు డబ్బాను కిలో డబ్బా అనుకుని ఆరు డబ్బాలు తలకొట్టి పోసిందనుకోండి. పడింది 4 కిలోల 800 గ్రాములు. తగ్గిన కిలో 200 గ్రాములు పన్నెండు మంది పిల్లల భాగం. ఎవరూ దొంగిలించలేదు, ఎవరి మనసులోనూ చెడు లేదు. అయినా పన్నెండు మంది అన్నం లేదు, రిజిస్టరులో మాత్రం 6 కిలోలు ఖర్చయినట్టు ఉంటుంది, నెలాఖరుకు మూటలో మిగిలిన బియ్యం లెక్క తెగదు, అనుమానం ఆ అక్క మీదికే పోతుంది. త్రాసు ఇక్కడ పిల్లల పక్షాన ఎంత నిలబడుతుందో తక్కువ గౌరవవేతనానికి పొగలో నిలబడి వండే ఆమె పక్షాన కూడా అంతే నిలబడుతుంది.

దీనికి ఎదురుగా ఒక చారిత్రక అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆకలిగొన్నవాడి తిండిని తూచడం ఈ సీమకు చేదు జ్ఞాపకం. 1876-78 ధాత కరువులో, 1877 జనవరిలో బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానిలో కరువు పనుల కూలీకి రోజుకు ఒక పౌండు గింజ, దాంతోపాటు చిల్లర చాలునని తేల్చాడు. పౌండంటే సుమారు 454 గ్రాములు. రోజంతా రాళ్లు కొట్టి మట్టి మోసే మనిషికి అది చాలదని అక్కడి శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు, కొన్ని నెలలకు ఆ కూలి రేటును వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అప్పటికే జరగాల్సింది జరిగింది. మైసూరు సంస్థానంలో 1871లో 50 లక్షలు దాటిన జనాభా 1881 లెక్కల నాటికి 42 లక్షలకు కూడా చేరలేదు. తూకం చేతిలో ఉన్నవాడు దాన్ని ఆకలికి హద్దుగా గీస్తే ఏమవుతుందో ఆ అంకెల్లో ఉంది. అందుకే 'తూచి పెట్టడం' అంటే మనవాళ్లకు ఇప్పటికీ గిట్టదు. కంచం ముందు కూర్చున్నవాడికి కొలిచి వడ్డించడం అవమానమే. నేనూ ఆ పక్షమే. తూకం వడ్డన దగ్గర ఉండకూడదు, గోదాము నుంచి సరుకు తీసే దగ్గర ఉండాలి. ఇంకో భేదం కూడా ఉంది. టెంపుల్ పౌండు పైహద్దు, దాన్ని మించి ఇవ్వకూడదు. బడిలోని 100 గ్రాములు కింది హద్దు, దానికి తగ్గకూడదు, ఆకలైన బిడ్డకు మారు వడ్డించాలి. కార్నిష్ కూడా ఆ పౌండును పౌండుగానే ఎదిరించాడు. ఎంత ఇస్తున్నారో అంకె తెలియకపోతే చాలదని చెప్పే వీలే ఉండదు. తల్లిదండ్రులకు, బడి పర్యవేక్షణ సమితి (ఎస్‌డీఎంసీ) సభ్యులకు ఆ అంకె తెలిసి, కళ్లముందు తూకం జరిగితే అడిగే హక్కు నిజంగా చేతికొస్తుంది.

ఇంటి త్రాసు మీద మిగిలిన అభ్యంతరాలు చిన్నవి. పని పెరుగుతుందంటారు, గిన్నెను త్రాసు మీద పెట్టి సున్నా బటన్ నొక్కి ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటే గ్లాసులు, చెంచాలు కడిగే పనే తగ్గుతుంది. తిండిని అంకెలుగా చూసే జబ్బు పట్టుకుంటుందన్న భయంలో నిజముంది. బరువు తగ్గాలన్న ఆరాటంలో ప్రతి ముద్దా తూచుకునేవారికి త్రాసు దూరంగా ఉండటమే మంచిది. త్రాసే తప్పు చూపిస్తే? చదునైన బండ మీద పెట్టి అర లీటరు నీళ్లతో సరిచూసుకోవచ్చు, 500 గ్రాముల దగ్గర ఆగాలి. అర లీటరు నందిని పాల ప్యాకెట్ పెట్టి 515 పైన చూపించిందని కంగారు పడకండి. పాలు నీళ్లకంటే బరువు, కవరు బరువు కూడా కలుస్తుంది. చిటికెడు పసుపు, రెండు లవంగాలు లాంటివి గ్రాము త్రాసు పట్టలేదు, వాటికి వేళ్లే చాలు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఓళిగలో, ఊరగాయో, చట్నీ పొడో చేసి అమ్మే స్త్రీశక్తి సంఘాలు దినుసులు కలుపుకోవడానికి ఇంటి త్రాసు వాడొచ్చు కానీ అమ్మేటప్పుడు తూచడానికి కాదు. అమ్మకానికి తూనికల శాఖ ముద్ర ఉన్న త్రాసే ఉండాలి, అది చట్టం.

పావగడ తాలూకాలో బడి, అంగన్‌వాడీ నడిపేవారిని, పంచాయతీ సభ్యులను అడగదలచుకున్నది ఇంతే: ప్రతి వంటగదిలో సరిచూసిన త్రాసు ఒకటి పెట్టండి, ఆ రోజు హాజరును బట్టి ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత నూనె పడాలో గోడ మీద తెలుగులో, కన్నడంలో రాయించండి, మూట విప్పేటప్పుడు ఒక తల్లినైనా పక్కన నిలబెట్టండి. ఇళ్లల్లో వండేవారు రోజూ తూచనక్కర్లేదు. మీ బియ్యం గ్లాసు, మీ పిండి పావు, మీ ఉప్పు చెంచా ఒక్కసారి త్రాసు మీద పెట్టి ఎంత పడుతుందో రాసుకోండి. దూరాన ఉన్న కూతురో కోడలో ఎంత వెయ్యాలని ఫోనులో అడిగినప్పుడు ఆ అంకె చెప్పండి.